కోడికెన్ని గజాలు?

దగ్గరికి జరుగుండ్రి. ఆ మొద్దును జర లోపలికి నూకితే మంట మంచిగ లేస్తది. నాయినా, నువ్వు గూడ రా, కుర్చీల ఎందుకు, ఈ పీట మీద కూసో. కొత్తింటి ఎన్క కోళ్లకు జాలీ కట్టిస్త, ఎంత జాగ ఇడవాలె నానమ్మా అని పొద్దటి సంది అడుగుతనే ఉన్నవు. ఇరవై కోళ్లు తెస్తనంటివి. పొద్దున ఒక్కమాటల చెప్పుంటే నువ్వు ఆ అంకె పట్టుకొని పోతుంటివి, అంతే జాగ ఎందుకో తెల్వకపోతుండె. ఇప్పుడు అందరం తీరుబాటుగ ఉన్నం, ఇను.

మా కాలంల కోళ్లకు జాగ ఎంత అని అడిగినోళ్లు లేరు. రాత్రికి గూడు, పగటికి ఊరు. మా అత్తగారింట్ల గూడు అరుగు కిందనే ఉండె. మట్టి పెట్టి కట్టింది, పేడతోని అలికింది. కోడి వంగి దూరేటంత మూతి, దానికి అడ్డంగ ఒక బండ, గాలి ఆడుతందుకు ఎన్క గోడకు రెండు బొక్కలు. లోపల మనిషి కూసునేటంత జాగ గూడ లేదు. పది పన్నెండు కోళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకొని పండేటియి. చలికాలం గట్ల ఒత్తుకుంటేనే వాటికి ఎచ్చ. చీకటి పడ్డంక కోడికి కన్ను సరిగ కనవడది, తిరగదు, కొట్లాడదు. పిల్లి రాకుంట, పాము దూరకుంట ఉంటే దానికి చాలు. అందుకే చెప్తున్న, రాత్రి జాగ వేరు, పగటి జాగ వేరు. ఈ రెండిటిని ఒక్కటి జేసుకోకు.

ఎగిలివారంగ పుంజు కూస్తే మా అత్త లేచి బండ జరిపేది. ఒక్కొక్క పెట్ట బయటికొస్తుంటే పట్టుకొని, ఎన్క ఏలుతోని తడిమి, గుడ్డు ఉన్నదా లేదా చూసేది. ఉన్నదాన్ని గంప కింద మూసేది, పెట్టినంక ఇడిసేది. లేకుంటే అది ఎవరి గడ్డివాములనో పోయి దాసుకొని పెడ్తది, ఆ గుడ్డు మనది గాదు. మిగిలినవాటికి వాకిట్ల పిడికెడు నూకలు చల్లేది. అది కడుపు నింపుతందుకు గాదు. అన్నీ ఒక్కకాడికి వస్తే లెక్క చూసుకుంటందుకు. రాత్రి ఏదన్న పోయిందా, ఏదన్న కొంకుతుందా, ఏదన్న తల వాలేసుకొని ఉన్నదా, ఆ పిడికెడు నూకలతోని తెలిసిపోయేది.

ఇగ అక్కడి సంది కోడి ఏడ తిరుగుతదో నాకు బాగ తెలుసు. ఎందుకంటే గంప కింద చిక్కకుంట తప్పించుకున్న పెట్ట ఎంబడి పోవుడు కొత్త కోడలి పని, దొంగ గూడు దొరికేదాంక ఇంటికి రావొద్దు. మా నల్ల పెట్ట ముందుగాల పెంటకుప్ప కాడికి పోయేది. కాలుతోని రెండు గీకులు, ఒక అడుగు ఎన్కకు, ముక్కు కిందికి. పురుగు దొరికినా దొరకకున్నా ఒక్కకాడ నిలవడది. పెంటకుప్ప నుంచి ఎడ్ల కొట్టం. పేడల అరగని జొన్నగింజలు ఉంటయి, పేడకు పుట్టే పురుగులు ఉంటయి. అక్కడి నుంచి రోలు కాడికి, వడ్లు దంచేటోళ్ల చుట్టు తిరిగేది. ఎండ ముదిరితే యాప చెట్టు కిందికొచ్చి, పొయిల బూడిద పారబోసే గుంతల పండి పొర్లేది. రెక్కలు ఇప్పి, ఆ బూడిదంత ఈకల సందుకు ఎగజల్లుకునేది. పేన్లు పోవుడు గట్లనే. పొద్దు వాలినంక కల్లం దిక్కు, కాలువ గట్టు దిక్కు, లేత గడ్డి కొసలు కొరుక్కుంట పోయేది. తొలకరి వాన పడి ఉసిళ్లు లేసిన నాడైతే ఊరి కోళ్లన్నీ ఉరుకుడే ఉరుకుడు, ఆ రోజు ఇంటి నూకల మొకం చూడయి.

నేను దాని ఎంబడి తిరిగి తెలుసుకున్నది ఒక్కటే. కోడి తిన్న జాగల మళ్ల వెంటనే తినదు. గీకుతది, ఏరుకుంటది, ముందుకు పోతది. అది మళ్ల అటు వచ్చేటాల్లకు గడ్డి మొలుస్తది, పురుగు పుడ్తది, రెట్ట ఎండి మట్టిల కలుస్తది. ఎవ్వలూ చెప్పకుంటనే అది నేలకు గడువు ఇచ్చుకుంట తిరుగుతుండె. నువ్వు జాలీ కట్టినవంటే ఆ తిరుగుడు బందు పెట్టినట్టు. ఇగ ఆ గడువు నువ్వే ఇయ్యాలె.

జాలీ మా కాలంల లేకుండె గని, మూసి పెట్టిన కాలం మాకూ ఉండె. వానలు పడి ఇంటెన్క పెరండ్లల్ల మక్కలు, చిక్కుడు గింజలు పెట్టినప్పుడు కోళ్లు పోయి ఒక్కొక్క గింజనే తోడి తినేటియి. ఆడోళ్లకు ఆడోళ్లకు కొట్లాటలు. ఒక యేడు పెద్దమనుషులు చెప్పిండ్రు, మొలక జానెడు లేసేదాంక ఎవరి కోళ్లు వాళ్లు కట్టడి చేసుకోవాలె అని. మా అత్త తుమ్మ కంప తెప్పించి కొట్టం పక్కన దడి కట్టించింది. కోళ్లన్నీ లోపల. మొదటి వారం బాగనే ఉండె. నూకలు ఎక్కువ ఏసినం, తౌడు పిసికి పెట్టినం, తాగ నీళ్లు కుండ పెంకుల పోసినం. గని ఆ నేల మీద ముందు గడ్డి పోయింది. తర్వాత గడ్డి వేర్లు పోయినయి. దాని మీద వాన పడ్డది, మట్టీ రెట్టా కలిసి బురదయింది. ముక్కు పుటాలు మండేటంత ఘాటు. తిండికి తక్కువ లేదు గని, కాలుతోని గీకుతందుకు ఏం లేకపాయె. పని లేని ముక్కు పక్క కోడి ఈకల మీదికి పోయింది. తోక మొదలు కాడ ఈకలు పీకి, ఎర్రగ నెత్తురు కనవడంగనే అన్నీ కలిసి ఆ ఒక్కదాన్నే పొడిచేటియి. తల్లి ఎంబడి తిరిగే పిల్లలకు నెత్తురు పారుడు మొదలైంది.

ఆ రోగం సంగతి తర్వాత పశువుల డాక్టరు చెప్పంగ తెలిసింది. రెట్టల పోయే ఆ క్రిమి పొడి నేల మీద అంత బలంగ ఉండదట. తడి, ఎచ్చ రెండూ దొరికితే రెండు మూడు దినాలల్లనే ముదిరి, ఏ పిల్ల ముక్కు పెడ్తే ఆ పిల్ల కడుపులకు పోతదట. తిరుగుతా ఉన్న కోడికి అది ఇంతంత తగుల్తది, ఒళ్లు తట్టుకుంటది. ఒక్కకాడనే తొక్కి తొక్కి తింటే తట్టుకోలేనంత తగుల్తది.

మా అత్తకు డాక్టరు మాట తెల్వది. అయినా ఆమె చేసిన పని ఇప్పటికీ నాకు గొప్పగనే కనవడ్తది. కోళ్లను కోసుకుందాం, అమ్ముకుందాం అని ఇంట్లందరు అన్నరు. ఆమె ఇనలే. దడిని పీకించి పక్క జాగల మళ్ల కట్టించింది. పాత జాగల బురదంత గీకి ఎరువు కుప్పల ఏసి, సున్నం చల్లి, ఎండకు ఇడిసింది. రెండు మూడు వానలకు అక్కడ పప్పుకూర, తోటకూర మొలిసింది. మొలిసినంక కోళ్లను మళ్ల ఆడికి మలిపింది. మక్క జానెడు లేసేదాంక గట్లనే అటు ఇటు జరిపింది. తర్వాత ఒక్క పిల్లకు గూడ నెత్తురు పారుడు రాలే.

ఇగ నీ జాగ కాడికి వద్దాం. కొలిసినవు గద, ఇరవై ఏడు అడుగుల పొడవు, పది అడుగుల ఎడల్పు. అంటే 270 చదరపడుగులు, తొమ్మిదితోని భాగారిస్తే ముప్పై గజాలు. ఇరవై కోళ్లు ఏస్తే ఒక్కోదానికి గజమున్నర. అది తక్కువేం గాదు నానమ్మా, కోడికి పది అడుగులు చాలని రాసిండ్రు అంటవు. రాసింది అబద్ధం గాదు. గజమంత జాగ ఉంటే కోడి రెక్కలు ఇప్పుకుంటది, ఒకదానికొకటి తప్పించుకొని పోతది. అది కోడి బతుకుతందుకు కావాల్సిన జాగ. నేల బతుకుతందుకు గాదు.

నేల సంగతి గిట్ల చూడు. పెద్ద కోడి రోజుకు 100 గ్రాముల పైననే రెట్ట ఏస్తది. ఇరవై కోళ్లంటే రెండు కిలోలు, నెలకు అరవై కిలోలు. అంతా ఆ ముప్పై గజాలల్లనే పడాలె. వానకాలంల నీ గోడ పక్కింటోళ్లు ఏమంటరో నువ్వే ఆలోచించుకో. గడ్డి మీద ఇడిసి పెంచేటోళ్లకు చెప్పే ఒక లెక్క ఎకరానికి 250 కోళ్లు. ఎకరానికి నలబై గుంటలు, గుంటకు 121 గజాలు. అంటే గుంటకు ఆరు కోళ్లు, కోడికి పంతొమ్మిది గజాల పైన. ఆ లెక్కల నడుస్తే గడ్డి గడ్డిగనే ఉంటది. నీ పెండ్లాం ఫోన్ల చూసి ఇంకోటి చెప్పింది, యూరోపు దేశాలల్ల బయట తిరిగిన కోడి గుడ్డు అని పేరు పెట్టి అమ్మాల్నంటే కోడికి 4 చదరపు మీటర్ల నేల ఉండాలట. అది అయిదు గజాలకు కొంచెం తక్కువ. పట్నం అంచుల ఇల్లు కట్టుకున్నోనికి అంత నేల ఏడికెళ్లి వస్తది? రాదు. అందుకే నువ్వు కోళ్లకు జాగ ఎంత అని లెక్క మొదలుపెట్టొద్దు. జాగకు కోళ్లెన్ని అని మొదలుపెట్టు.

నా మాట ఇంటే, ముప్పై గజాలను నడుమ జాలీతోని రెండు చేయి. పదిహేను ఇటు, పదిహేను అటు. నడుమల గూడు పెట్టు, రెండు దిక్కుల రెండు తలుపులు. ఎప్పుడు చూసినా కోళ్లు ఒక్క దిక్కే ఉండాలె, ఇంకో దిక్కు ఖాళీగ ఉండాలె. ఖాళీ దిక్కుల మెంతులో, తోటకూరో, సజ్జలో చల్లు. మొలిసి అరచెయ్యంత లేసినంక తలుపు మార్చు. ఈ పదిహేను గజాలల్ల ఏడు పెట్టలు, ఒక పుంజు, మొత్తం ఎనిమిది తిరిగితే ఒక్కోదానికి రెండు గజాలకు కొంచెం తక్కువ వస్తది. సగం నేల ఉత్తగ పోతుందని బాధపడకు. ఉత్తగున్న సగమే కోళ్లను కాపాడేది.

నీకు గుడ్లు తక్కువైతయని గుండె ఒప్పుకుంటలేదు, నాకు తెలుసు. నాటు పెట్ట ఏడాదికి యాబై అరవై గుడ్లు పెడ్తది, నడుమల పొదుగుకు కూసుంటది. గుడ్లే కావాల్నంటే రాజేంద్రనగర్ల తయారుచేసిన జాతులు ఉన్నయి గద, గ్రామప్రియ, వనరాజ, రాజశ్రీ. గ్రామప్రియ నాటు పెట్టకు రెండింతల పైననే గుడ్లు పెడ్తది. అవి పెరట్ల తిరుగుతందుకే చేసిన కోళ్లు, రంగు రంగుల ఈకలు. తెల్ల కోడైతే గద్దకు దూరం నుంచే కనవడ్తది, రంగు కోడి నేలల కలిసిపోతది. ఇంకో సంగతి, పందెం జాతి పుంజులను మటుకు వీటిల కలపకు. రెండు పుంజులు ఉన్నకాడ ఎంత జాగిచ్చినా తక్కువే. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. గుడ్లు తింటందుకే ఐతే అది గూడ అక్కర లేదు, పక్కింట్ల పసిపిల్లలున్నరు, తెల్లవారుజాము కూతకు వాళ్లు లేస్తరు.

గోడ మీద జాలీ ఎంత ఎత్తు అని అడిగినవు. నాటు పెట్ట ఎగిరిందంటే గోడ ఎక్కి కూసుంటది. ఆరడుగులు కట్టు, పైన వల కప్పు. వల కోడి ఎగిరిపోకుంట మటుకే గాదు, గద్ద దిగకుంట. తల్లి పిల్లలతోని తిరిగేటప్పుడు గద్ద నీడ పడంగనే అది ఒక కూత ఏస్తది, పిల్లలన్నీ రెక్కల కిందికి ఉరుకుతయి. మా ఊర్లైతే దాసుకుంటందుకు బండి కింద, కంప కింద, గడ్డివాము సందుల జాగ ఉండె. నీ జాగల ఏముంటది? చుట్టూ సిమెంటు గోడే. అందుకే ఒక మూలకు మునగ చెట్టు, ఇంకో మూలకు కరివేపాకు పెట్టు. పాత గంప ఒకటి బోర్లేసి, కిందికెళ్లి దూరేటట్టు రెండు రాళ్ల మీద నిలవెట్టు. వైశాఖం ఎండలకు కోడి నోరు తెరుసుకొని రొప్పుతది, నీడ లేని జాగ ఎన్ని గజాలున్నా మధ్యాహ్నం దానికి పనికి రాదు. నీడ పడే జాగనే లెక్కవెట్టుకో.

కిందికెళ్లి వచ్చేటోళ్లు ఇంకా పెద్ద దొంగలు. ముంగిస, పందికొక్కు, బావురుపిల్లి. కోళ్ల జాలీ అని సన్న తీగెది అమ్ముతరు, అది కోడిని ఆపుతది గని కుక్క పండ్లకు ఆగదు, ముంగిస దాని సందుల నుంచే దూరుతది. కింద రెండడుగుల ఎత్తు దాంక అరంగుళం సందుల గట్టి జాలీ కొట్టించు. దాన్ని అడుగు లోతు మట్టిల పాతిపెట్టు. గూటి తలుపు రోజూ పొద్దుగూకంగనే మూయాలె. ఈ పని ఒక్క రాత్రి మర్చిపోయిన ఇండ్లల్ల తెల్లారి ఈకలే మిగిలినయి, నేను చూసిన.

గూట్ల పండుకుంటందుకు అడ్డంగ కట్టె పెట్టు. ఒక్కో కోడికి తొమ్మిది పది అంగుళాల కట్టె ఉండాలె. గుండ్రంగ ఉన్న కట్టె, చెయ్యి పట్టేంత లావు. గుడ్లకు రెండు గూళ్లు చాలు, అడుగు అడుగు పెట్టెలు, లోపల గడ్డి. అవి చీకటి మూలల ఉండాలె. నేల మీద ఊకనో పల్లిపొట్టో నాలుగు వేళ్ల మందం పరిచి, తడైన కాడికి ఎప్పటికప్పుడు తీసి కొత్తది ఏయి. తీసింది చెట్ల మొదట్ల ఏస్తే మంచి ఎరువు, గని పచ్చిగున్నప్పుడు వేరు మీద ఏయకు, కాల్తది. కొన్నాళ్లు మాగబెట్టి ఏయి. ఇక బూడిద గుంత మర్చిపోవద్దు. మీ ఇంట్ల కట్టెల పొయ్యి లేదు, నేను ఇక్కడి నుంచి బస్తా పంపిస్త. పొడి మట్టి, ఇసుక, బూడిద కలిపి వాన తగలని మూలకు పొయ్యి.

పురుగు దొరకని జాగల పురుగును పిలిచే పని ఒకటున్నది, పిల్లలు మీరు గూడ నేర్చుకోండ్రి. పాత కుండల తడిపిన గోనెసంచి ముక్క, జర పేడ, నాలుగు ఎండు కట్టెపుల్లలు ఏసి, చెదలు ఉన్నకాడ పొద్దుగూకంగ బోర్లేయాలె. తెల్లారి ఎత్తి చూస్తే కుండల నిండ చెదలు. పిల్లల తల్లి ముందల దులిపితే అది పిలుసుకుంట పిలుసుకుంట తినిపిస్తది. మీ కాలనీ ఖాళీ ప్లాటులల్ల చెదలకు ఏం కొదువ లేదు. ఇంటి చౌకట్ల దగ్గర మటుకు పెట్టకు.

కొక్కెర తెగులు గురించి చెప్పకుంట ఎట్ల. ఎండాకాలం వచ్చిందంటే మాకు భయం. కోడి మెడ ఒక దిక్కు తిరిగి, పచ్చగ పారుకొని, గుర్రు గుర్రుమంట ఊపిరి పీల్చి, రెండు మూడు దినాలల్ల ఊరంత ఊడ్సుకపోయేది. ఒక ఇంటి సంది ఇంకో ఇంటికి ఒకటే వాకిలి గద, ఆపేటిది ఏమున్నది. దాన్నే రాణిఖేట్ అంటరు డాక్టర్లు. తిరుగుడు జాగ పెద్దగుండుట్ల ఉన్న సుఖంతోని ఆ ఒక్క బాధ వచ్చింది మాకు. నీకు జాలీ ఉన్నది, బయటి కోళ్లు కలవయి, అది నీకు మేలు. టీకా మందు వేయించు. పిల్లలకు మొదటి వారంలనే కండ్లల్ల చుక్క, రెండు నెలలకు ఇంకో సూది, అక్కడి పశువుల దవఖానల అడిగితే చెప్తరు. సంతల కొన్న కోడిని తెచ్చి ఆ రోజే లోపల కలపకు. రెండు వారాలు వేరే గంప కింద పెట్టి, బాగనే తిరుగుతుంటే కలుపు. ఆ గంప పెట్టే జాగ గూడ నీ ముప్పై గజాల బయటనే చూసుకో.

మూలలు చూసినవా, నీళ్లు ఏ దిక్కు పారుతయి? వాన పడ్డప్పుడు పోయి నిలబడి చూడు. నీళ్లు నిలిచే మూల ఉంటే దాన్ని మొరం పోసి ఎత్తు చేయి, లేకుంటే కంచె బయట ఇడిసిపెట్టు. నీళ్లు నిలిచే అయిదు గజాలు లోపల ఉంటే అయిదు గజాలు ఎక్కువున్నట్టు గాదు, మిగిలిన ఇరవై అయిదుకు రోగం పెట్టుకున్నట్టు.

ఇరవై వద్దు. ఎనిమిది గూడ మొదలే తేవొద్దు. ఇప్పుడు కడీలు పాతించి, జాలీ కట్టించి, రెండు దిక్కుల తోటకూర చల్లు. నాలుగు పెట్టలను నేనిస్త, మన ఎర్ర పెట్ట పిల్లలు ఎదిగినయి. రాత్రి పూట గూట్లకెళ్లి పట్టుకొని పోవాలె, పగలు పడ్తే బెదురుతయి. పోయినంక నాలుగైదు దినాలు గూడు దాటి ఇడవకు, ఇల్లేదో గుర్తుపట్టనియ్యి. ఒక వానకాలం మొత్తం చూడు. కోళ్లున్న దిక్కుల తలుపు మార్చే నాటికి ఇంకా పచ్చ మిగిలుంటే, కాలు పెడ్తే బురద అంటకుంట ఉంటే, ముక్కుకు ఘాటు తగలకుంట ఉంటే ఇంకో రెండు తీస్కపో. మిగలకపోతే నాలుగే ఉంచుకో, లేకుంటే పక్క ఖాళీ ప్లాటు ఆయనను అడిగి చూడు, సాయంత్రం గంటసేపు ఇడుసుకుంటమని. ఆయనకు గడ్డి కోసే పని తప్పుతది, గుడ్లు రెండు ఇచ్చినా సంబురపడ్తడు.